యాక్సెస్ డినైడ్: తాళం పగలగొట్టకండి, సరుకు బయటికి తెచ్చుకోండి

విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సపోర్టు ఆగిపోయాక చాలా ఇళ్లలో కొత్త ల్యాప్‌టాప్‌లు దిగాయి. మరి పాతదాన్ని ఏం చేస్తాం? విశాఖ ద్వారకానగర్‌లో ఏదో ఒక షాపులో కేసింగ్ కొని, పాత హార్డ్ డిస్కు ఊడదీసి అందులో బిగించి, యూఎస్‌బీ కేబుల్‌తో కొత్త సిస్టమ్‌కి తగిలిస్తాం. డ్రైవ్ కనిపిస్తుంది. దానిలో యూజర్స్, యూజర్స్‌లో నాన్నగారి పేరుతో ఒక ఫోల్డర్. డబుల్ క్లిక్ కొడితే మాత్రం ఈ ఫోల్డర్ చూడ్డానికి మీకు పర్మిషన్ లేదంటూ ఇంగ్లీషులో ఒక పెట్టె పైకొస్తుంది. హుద్‌హుద్ తుఫానుకి ముందు కైలాసగిరి ఎంత పచ్చగా ఉండేదో చూపించే ఫోటోలు, అక్క పెళ్లి వీడియో, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ ఆ పెట్టె వెనకాలే ఉండిపోతాయి.

కంగారులో అందరూ చేసేవి రెండే పనులు. ఒకటి, ఆ పెట్టెలో ఉన్న 'కంటిన్యూ' నొక్కేయడం. రెండోది, ఏదో వీడియో చూసి డ్రైవ్ మొత్తానికి 'ఎవ్రీవన్'కి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేయడం. రెండూ చాలాసార్లు పనిచేస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది. పనిచేసిన రోజున ఏమీ తెలియదు, ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది. పాత డిస్కు విషయంలో ఈ రెండూ అక్కర్లేని దారి ఒకటుంది. అది చెప్పేముందు అసలు అడ్డుపడుతున్నది ఏమిటో చూద్దాం.

పేరు కాదు, నంబరు

పాత సిస్టమ్‌లో అకౌంటు పేరు రమణ. కొత్తదాంట్లోనూ రమణే. పాస్‌వర్డు కూడా అదే పెట్టారు. అయినా ఫోల్డర్ తెరుచుకోదు, ఎందుకంటే విండోస్ అక్కడ పేరూ చూడదు, పాస్‌వర్డూ చూడదు. అకౌంటు పుట్టినప్పుడు దానికిచ్చిన ఒక పొడుగాటి నంబరు చూస్తుంది. దాన్ని ఎస్ఐడీ అంటారు. 'ఎస్-1-5-21' అని మొదలై, మధ్యలో మూడు పెద్ద అంకెల గుంపులు వచ్చి, చివర 1001 లాంటి చిన్న అంకెతో ముగుస్తుంది. మధ్యలోని మూడు గుంపులు ఆ సిస్టమ్‌లో విండోస్ వేసినప్పుడు పుట్టినవి. అదే ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేయించినా ఆ గుంపులు మారిపోతాయి. కాబట్టి పాత రమణ వేరు, కొత్త రమణ వేరు. ఇంటిపేరుతో సహా కలిసినా ఆధార్ నంబర్లు వేరైన ఇద్దరు మనుషులన్నమాట.

మీ నంబరు చూసుకోవాలంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి టెర్మినల్ తెరిచి 'హూయామ్‌ఐ స్లాష్ యూజర్' అని కొట్టండి. హూ, యామ్, ఐ అనే మూడు ఇంగ్లీషు మాటలు ఖాళీ లేకుండా కలిపి రాసి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి యూజర్ అని రాయాలి. ఇప్పుడు తెరవని ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. అక్కడ జాబితాలో 'అకౌంట్ అన్‌నోన్' అని, పక్కనే ఇలాంటి నంబరే ఇంకోటి కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి భాగం ఒకటే, మధ్య గుంపులు వేరు. ఆ 'అన్‌నోన్' మరెవరో కాదు, పాత విండోస్‌లోని మీరే.

అదే జాబితాలో 'అడ్మినిస్ట్రేటర్స్' అనే గుంపు కూడా ఉంటుంది. దాని నంబరు ఎస్-1-5-32-544. ఇది మాత్రం ఏ ఊళ్లో ఏ విండోస్‌లో చూసినా ఒకటే. ఇంట్లో మీ అకౌంటు అడ్మిన్ అయితే ఆ గుంపులో మీరు ఉన్నట్టే కదా, మరి ఎందుకు తెరవనివ్వదు? విస్టా నుంచీ విండోస్ అడ్మిన్‌ని కూడా మామూలు మనిషిలాగే తిరగనిస్తుంది. 'ఎస్' నొక్కమని అడిగే ఆ చీకటి తెర వచ్చి, మీరు ఎస్ అన్నాకే అడ్మిన్ బలం చేతికిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఎప్పుడూ ఆ బలం లేకుండానే నడుస్తుంది. అందుకే ఎక్స్‌ప్లోరర్‌లో తెరవని ఫోల్డర్, అడ్మిన్‌గా తెరిచిన టెర్మినల్‌లో ఏ అభ్యంతరం లేకుండా తెరుచుకుంటుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం సమస్య అయిపోయినట్టే.

'కంటిన్యూ' నొక్కితే ఏం జరుగుతుంది

ఆ పెట్టెలో 'పర్మనెంట్లీ' అని ఒక మాట ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కంటిన్యూ నొక్కితే విండోస్ తలుపు ఒక్కసారి తీసి ఊరుకోదు. కొత్త రమణ నంబరుని ఆ ఫోల్డర్‌కి, లోపలున్న ప్రతి ఫోల్డర్‌కి, ప్రతి ఫైలుకి శాశ్వతంగా రాసుకుంటూ పోతుంది. పదేళ్ల ఫోటోలున్న డిస్కయితే పైన ఆకుపచ్చ గీత కదలక కదలక గంట పట్టినా ఆశ్చర్యం లేదు. మధ్యలో విసుగొచ్చి కేబుల్ పీకినా, కరెంటు పోయినా సగానికి కొత్త పర్మిషన్, సగానికి పాతది. తర్వాత ఆల్బమ్‌లో ఒక ఫోటో తెరుచుకుని పక్కది తెరుచుకోకపోతే కారణం ఇదే అయి ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక ఉన్న రోజున యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోవద్దు.

ఇంకా ముఖ్యమైనది డిస్కు ఆరోగ్యం. పర్మిషన్ మార్చడమంటే డిస్కు మీద రాయడమే. టిక్ టిక్ అని చప్పుడు చేస్తున్న డిస్కు, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాములో పసుపు రంగులో 'కాషన్' చూపిస్తున్న డిస్కు మీద లక్షల చోట్ల రాయించడమంటే మంచం మీదున్న మనిషి చేత సింహాచలం మెట్లెక్కించడమే. దాని దగ్గర చదవడం తప్ప ఇంకేమీ చేయకూడదు.

సరుకు బయటికి తెచ్చే పద్ధతి

కాపీ చేసిన ఫైలు తను చేరిన ఫోల్డర్ పర్మిషన్లనే తీసుకుంటుంది. పాత తాళాన్ని వెంట తెచ్చుకోదు. అందువల్ల పాత డిస్కులో ఒక్క అక్షరం మార్చకుండా, అడ్మిన్ బలంతో చదివి, కొత్త డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలు, అక్కడ పర్మిషన్లు వాటంతటవే సరిగ్గా ఉంటాయి. దీనికి విండోస్‌లోనే ఉన్న పనిముట్టు రోబోకాపీ. వేరే ఏమీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

స్టార్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి 'టెర్మినల్ అడ్మిన్' ఎంచుకోండి. విండోస్ 10లో అదే చోట 'పవర్‌షెల్ అడ్మిన్' ఉంటుంది. పాత డిస్కు ఎఫ్ డ్రైవ్‌గా వచ్చిందనీ, కొత్త సిస్టమ్‌లో డి డ్రైవ్ ఉందనీ అనుకుందాం. కమాండ్ ఫోన్‌లో చదివి చెప్పినట్టే రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి:

రోబోకాపీ "ఎఫ్:\యూజర్స్\రమణ\పిక్చర్స్" "డి:\పాత ఫోటోలు" /ఇ /బి /ఎక్స్‌జె /ఆర్:1 /డబ్ల్యూ:1 /యూనిలాగ్:"డి:\లిస్టు.టిఎక్స్‌టి" /టీ

'ఇ' అంటే లోపలి ఫోల్డర్లన్నీ, ఖాళీవి కూడా. 'బి' అంటే బ్యాకప్ పద్ధతి. జాబితాలో అడ్మినిస్ట్రేటర్స్ పేరు కూడా తీసేసిన మొండి ఫోల్డర్లని సైతం ఇది చదవగలదు, అడ్మిన్ టెర్మినల్‌లో అయితేనే. మిగతా మూడింటి మీద కాస్త ఆగాలి, తేడా వచ్చేది వాటితోనే.

ఆర్, డబ్ల్యూ రాయకపోతే రోబోకాపీ చదవలేని ఫైలు దగ్గర పదిలక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఇది నిజంగా దాని డిఫాల్టు. ఒక్క పాడైన ఫోటో దగ్గర రాత్రంతా నిలబడిపోయి, పొద్దున చూస్తే అక్కడే ఉంటుంది. పై రెండూ పెడితే ఒక్కసారి మళ్లీ చూసి, ఒక్క సెకను ఆగి, ముందుకెళ్లిపోతుంది.

'ఎక్స్‌జె' లేకుండా యూజర్ ఫోల్డర్ మొత్తం కాపీ పెడితే డిస్కు నిండిపోయేదాకా ఆగకపోవచ్చు. యూజర్ ఫోల్డర్‌లో 'అప్లికేషన్ డేటా', 'మై డాక్యుమెంట్స్' లాంటి పేర్లతో దాచిపెట్టిన కొన్ని ఫోల్డర్లుంటాయి. అవి ఫోల్డర్లు కావు, ఇంకో చోటికి దారి చూపే బోర్డులు. ఎక్స్‌పీ కాలం నాటి ప్రోగ్రాముల కోసం విస్టాలో పెట్టారు, ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకటి తన పై ఫోల్డర్ వైపే చూపిస్తుంది. దాన్ని నమ్మి లోపలికెళ్లిన ప్రోగ్రాము అప్లికేషన్ డేటాలో అప్లికేషన్ డేటా, అందులో మళ్లీ అప్లికేషన్ డేటా అంటూ గానుగెద్దులా తిరుగుతుంది. ఎక్స్‌జె పెడితే ఆ బోర్డుల్ని వదిలేసి పోతుంది.

'యూనిలాగ్' గురించి తెలుగువాళ్లకే ప్రత్యేకంగా చెప్పాలి. లాగ్ అంటే ఏ ఫైలు ఏమైందో రాసుకునే జాబితా. మామూలు లాగ్ పెడితే తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి, ఏ ఫైలు రాలేదో తెలియదు. యూనిలాగ్ అయితే పేర్లు పేర్లలాగే ఉంటాయి. చివరి 'టీ' ఇంగ్లీషులో మూడక్షరాలు. అది పెడితే లాగ్‌లోకి వెళ్లేదే తెరమీదా కనిపిస్తుంది.

రెండు చిన్న పొరపాట్లు చాలామంది చేస్తారు. కొటేషన్ మూసేముందు వెనక్కి వాలిన స్లాష్ పెట్టకండి. 'పిక్చర్స్' తర్వాత స్లాష్ పెట్టి కొటేషన్ మూస్తే రెండు అడ్రసులు కలిసిపోయి అర్థంకాని ఎర్రర్ వస్తుంది. అలాగే డ్రైవ్ మొత్తాన్ని, అంటే ఎఫ్ కోలన్ స్లాష్‌ని నేరుగా మూలంగా ఇవ్వకండి. డ్రైవ్ రూట్‌కి, అంటే అన్ని ఫోల్డర్లకీ పైనున్న మొదటి చోటుకి, దాచిపెట్టిన, సిస్టమ్ గుర్తులుంటాయి, అవి మీ కొత్త ఫోల్డర్‌కీ అంటుకుంటాయి. కాపీ అంతా సవ్యంగా అయినా ఫోల్డర్ కనిపించదు, డేటా పోయిందని గుండె ఆగినంత పనవుతుంది. అప్పటికే అయిపోతే అట్రిబ్ కమాండ్‌తో, మైనస్ హెచ్, మైనస్ ఎస్ ఇచ్చి ఆ ఫోల్డర్‌ని పైకి తేవచ్చు.

పూర్తయ్యాక కింద చిన్న పట్టిక వస్తుంది. అందులో 'ఫెయిల్డ్' కింద సున్నాలుండాలి. అంకె ఉంటే లాగ్ ఫైలు తెరిచి 'ఎర్రర్' అని వెతకండి. పక్కన 5 ఉంటే పర్మిషన్ గొడవ, 32 ఉంటే ఇంకో ప్రోగ్రాము ఆ ఫైలు పట్టుకుని ఉంది, 23 ఉంటే డిస్కు ఆ చోట చదవడం లేదు. 23 కనిపించిన డిస్కుతో ప్రయోగాలు ఆపేయండి.

డిస్కు బాగా నీరసించి ఉంటే, విండోస్ బదులు వాడుకునే లైనక్స్ సిస్టమ్ అయిన ఉబుంటుతో ఒక పెన్‌డ్రైవ్ చేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' మీద నడిపించి, అక్కడినుంచి కాపీ చేసుకోవడం ఇంకా నయం. మామూలుగా తెరిచినప్పుడు అది విండోస్ పర్మిషన్ల జాబితాని పట్టించుకోదు, ఫైళ్లన్నీ తెరిచేస్తుంది.

ఓనర్‌షిప్ తీసుకోక తప్పనప్పుడు

డిస్కుని కాపీకి కాక రోజూ వాడుకోవడానికే ఉంచుకున్నారు, ఆరోగ్యమూ బాగుంది, అప్పుడు తాళం మార్చడంలో తప్పులేదు. పర్మిషన్ అంటే తాళంచెవి, ఓనర్‌షిప్ అంటే పట్టా. పట్టా ఉన్నవాడికి చెవి లేకపోయినా తాళం మార్పించుకునే హక్కు ఉంటుంది. అడ్మిన్‌కి పట్టా తన పేర రాయించుకునే హక్కు ఉంటుంది. కాబట్టి వరుస ఇదే: ముందు పట్టా, తర్వాత చెవి.

ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో పైన ఓనర్ పక్కన 'ఛేంజ్' నొక్కండి. పేరు రాసి 'చెక్ నేమ్స్' కొడితే దాని కింద గీత పడాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యేవాళ్లకి ఇక్కడే ఆగిపోతుంది. స్టార్ట్ మెనూలో కనిపించే పూర్తి పేరు రాస్తే దొరకకపోవచ్చు. హూయామ్‌ఐ అని కొడితే స్లాష్ తర్వాత వచ్చే పొట్టి పేరు, లేదా ఈమెయిల్ అడ్రసు రాయండి. తర్వాత 'రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్' ముందు టిక్ పెట్టి ఓకే. ఇప్పుడు ప్రాపర్టీస్ కిటికీ పూర్తిగా మూసేసి మళ్లీ తెరవండి, లేకపోతే పాత సమాచారమే చూపిస్తుంది. రెండోసారి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 'యాడ్', 'సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్', మీ పేరు, ఫుల్ కంట్రోల్. కింద 'రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్' అని మొదలయ్యే టిక్ పెడితే లోపలి ఫైళ్లన్నిటికీ ఇదే పడుతుంది.

ఫోల్డర్ ఒకటి రెండు కాక చాలా ఉంటే మౌస్‌తో అలిసిపోతారు. అడ్మిన్ టెర్మినల్‌లో టేక్, ఓన్ అనే రెండు మాటలు కలిపి, స్లాష్ ఎఫ్, కొటేషన్లలో ఫోల్డర్ అడ్రసు, స్లాష్ ఆర్, స్లాష్ డి, స్పేస్, వై. దీంతో పట్టా అయింది. తర్వాత చెవి కోసం ఐ-సి-ఎ-సి-ఎల్-ఎస్ అనే ఆరు అక్షరాల కమాండ్, అదే అడ్రసు, స్లాష్ రీసెట్, స్లాష్ టి, స్లాష్ సి, స్లాష్ క్యూ. ఈ రీసెట్ కొత్తగా ఎవరి పేరూ రాయదు. లోపల విడివిడిగా రాసుకున్న పాత పర్మిషన్లన్నీ చెరిపేసి, పై ఫోల్డర్‌ది ఏదుంటే అదే కిందికి దించుతుంది. మామూలుగా ఫార్మాట్ కొట్టిన డేటా డ్రైవ్ రూట్‌లో లాగిన్ అయిన వాళ్లందరికీ 'మాడిఫై' విండోస్ తానే ఇస్తుంది. కనుక అలాంటి డ్రైవ్‌లో రీసెట్ కొడితే చాలావరకు ఇంట్లోవాళ్లందరికీ తెరుచుకుంటుంది. ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ అవసరమే రాదు. ఫుల్ కంట్రోల్‌లో పర్మిషన్లు మార్చే హక్కు, ఓనర్‌షిప్ తీసుకునే హక్కు కూడా ఉంటాయి. పిల్లల అకౌంటులో నడిచే ఏదో గేమ్‌కి అవి ఎందుకు?

'డినై' గడిలో టిక్ మాత్రం పెట్టకండి. తమ్ముడు చూడకూడదని 'యూజర్స్'కి డినై పెడితే మీకూ మూసుకుపోతుంది, మీరూ ఆ గుంపులోనే ఉన్నారు మరి. ఎవరికైనా ఇవ్వకూడదంటే జాబితాలోంచి వాళ్ల పేరు తీసేస్తే చాలు.

ఇంకో మాట. ఫోల్డర్ ప్రాపర్టీస్ మొదటి పేజీలో 'రీడ్ ఓన్లీ' దగ్గర టిక్ కాకుండా నల్ల చతురస్రం ఉంటుంది. తీసేస్తే మళ్లీ వచ్చేస్తుంది, వైరస్ అనుకుంటారు. ఫోల్డర్ విషయంలో దానికీ పర్మిషన్‌కీ సంబంధం లేదు. అది లోపలి ఫైళ్లకి వర్తించే గడి మాత్రమే. వదిలేయండి.

ముట్టుకోకూడనివి

సి డ్రైవ్‌లోని విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్‌యాప్స్, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్. వీటిలో చాలావాటి ఓనర్ 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్'. ఖాళీ సంపాదించుకోవడానికి వీటి పట్టా లాక్కుంటే అప్‌డేట్లు ఫెయిలవడం, స్టోర్ యాప్‌లు తెరుచుకోకపోవడం మొదలవుతుంది. విండోస్ సొంత రిపేరు పనిముట్టు ఎస్ఎఫ్‌సీ స్కాన్‌తో పర్మిషన్లన్నీ వెనక్కి రావు. చివరికి ఫైళ్లు ఉంచుకుని విండోస్ మళ్లీ వేసుకోవడమే గతి అవుతుంది. ఇందాక చెప్పిన 'అప్లికేషన్ డేటా' బోర్డుల మీద కూడా కావాలనే డినై పెట్టి ఉంటుంది. దాన్ని రిపేరు చేసి తెరిచారంటే గానుగెద్దుని మీ చేత్తో కట్టినట్టే.

పర్మిషన్ వేషం వేసుకొచ్చేవి

తెరమీద వచ్చే ప్రతి 'కుదరదు' పర్మిషన్ గొడవ కాదు. మొదట ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసిన పద్ధతి ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ. వాటిలో పర్మిషన్లే ఉండవు, కాబట్టి రోగం వేరు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కదు, ఎంత ఖాళీ ఉన్నా ఎక్కదు. 'రైట్ ప్రొటెక్టెడ్' అంటే ముందు ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న లాక్ మీట చూడండి. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో ఉప్పుగాలికి అడాప్టర్ పిన్నులు నల్లబడి కూడా కార్డు పిచ్చిగా ప్రవర్తిస్తుంది, వేరే రీడర్‌లో పెట్టి చూడండి. ఏ రీడర్‌లోనూ రాయనివ్వక, చదవడం మాత్రం బాగానే చదివితే ఫ్లాష్ చిప్ చివరి దశలో తనని తాను లాక్ చేసుకుని ఉండొచ్చు. అందినదంతా కాపీ చేసుకుని పారేయాలి.

0x80070020 వస్తే ఫైలు ఎక్కడో తెరిచి ఉంది. చాలాసార్లు ఆ దొంగ ఎక్స్‌ప్లోరర్‌లోని ప్రివ్యూ పేనే. ఆల్ట్ పట్టుకుని పి నొక్కి మూసేసి మళ్లీ ప్రయత్నించండి. 0x80070522 వస్తే మీరు నేరుగా సి డ్రైవ్ రూట్‌లో ఫైలు పెట్టబోతున్నారు. ఫోల్డర్ చేసుకుని అందులో పెట్టుకోండి.

ఒక ప్రోగ్రాములోంచి డాక్యుమెంట్స్‌లోకి సేవ్ కాదు, ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం అదే ఫోల్డర్‌లో అన్నీ చేయగలుగుతున్నారంటే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ అయి ఉంటుంది. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, కింద రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్. మొత్తం ఆఫ్ చేయకండి, 'అలౌ యాన్ యాప్' దగ్గర ఆ ఒక్క ప్రోగ్రాముకే దారి ఇవ్వండి. దీనికి తిరగేసిన రోగం పాత తెలుగు టైపింగ్ ప్యాకేజీలతో, పాత లెక్కల సాఫ్ట్‌వేర్లతో వస్తుంది. సేవ్ అయిందంటుంది, ఫోల్డర్‌లో చూస్తే ఫైలు ఉండదు. ఆ ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే విండోస్ గుట్టుచప్పుడు కాకుండా దాన్ని మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లిస్తుంది. అక్కడ వెతకండి, దొరుకుతుంది.

ఇక నిజంగా కష్టమైనది ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివాళ్లు చదవలేకుండా ఫైలునే మార్చేయడం. ఫైలు పేరు ఆకుపచ్చగా ఉన్నా, ఐకాన్ మీద చిన్న తాళం ఉన్నా అది ఈఎఫ్ఎస్, ఒక్కో ఫైలుకి విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్. పట్టా తీసుకున్నా, ఫుల్ కంట్రోల్ ఇచ్చుకున్నా తెరుచుకోదు. పాత అకౌంటు సర్టిఫికెట్ కావాల్సిందే. పాత ల్యాప్‌టాప్‌ ఇంకా ఆన్ అవుతుంటే ఫార్మాట్ కొట్టకముందే డిస్కు దాన్లోనే పెట్టి, ఆ ఫైళ్ల ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఎన్‌క్రిప్ట్ టిక్ తీసేయండి. డ్రైవ్ మొత్తానికే తాళం బొమ్మ ఉండి 48 అంకెల కీ అడిగితే అది బిట్‌లాకర్. పాత ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి లాగిన్ అయితే డివైసెస్ దగ్గర ఆ కీ చాలాసార్లు ఉంటుంది. అది పిల్లాడి కాలేజీ మెయిల్ ఐడీ కావచ్చు, అందరివీ వెతకండి.

హాల్లో డెస్క్‌టాప్‌ షేర్ చేసి, గదిలో ల్యాప్‌టాప్ నుంచి తెరిచేటప్పుడు పాస్‌వర్డు అడుగుతుంది. చాలామంది అక్కడ రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొట్టి విసిగిపోతారు. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్‌లో చెల్లదు. డెస్క్‌టాప్ అకౌంటు అసలు పాస్‌వర్డు కావాలి. అక్కడ తలుపులు రెండు: షేరింగ్ ట్యాబ్‌లోది ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లోది ఒకటి. రెండింట్లో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో రీడ్ మాత్రమే వదిలేసి సెక్యూరిటీలో ఎంత మార్చినా ఫైలు సేవ్ కాదు.

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ వేసుకున్న ఇంజినీరింగ్ పిల్లలకి విండోస్ డ్రైవ్ ఉబుంటులో రీడ్ ఓన్లీగా వస్తుంటుంది. కారణం పర్మిషన్ కాదు, విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ అన్నా పూర్తిగా షట్‌డౌన్ కాదు. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది. ఉబుంటు సొంత డ్రైవ్‌లోనూ ఓనర్ అంటే పేరు కాదు, నంబరే. మొదటి అకౌంటు 1000, రెండోది 1001. పాత ఉబుంటులో మీరు రెండో అకౌంటు, కొత్తదాంట్లో మొదటిదైతే మీ ఫైళ్లే మీకు తెరుచుకోవు. ఓనర్ నంబరు మార్చుకుంటే సరిపోతుంది. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే 777 కొట్టకండి. హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 పెడితే, దూరంగా ఉన్న సిస్టమ్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ మీ కీ ఫైలుని వాడనంటుంది, అందరికీ తెరిచి ఉన్న తాళంచెవిని అది నమ్మదు.

తెలుగు పేర్ల తంటా ఒకటి మిగిలింది. "పెదనాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు" అని ఫోల్డర్ పేరు పెట్టారనుకోండి. కంటికి పదమూడు అక్షరాలు, రెండు ఖాళీలు. విండోస్ లెక్కలో గుణింతాలూ పొల్లులూ విడివిడిగా పడి అది 31. ఉబుంటు లెక్కలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు చొప్పున 89. ఎక్స్‌ప్లోరర్‌కి డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం 260 దాటకూడదు, ఉబుంటులో ఒక్కో పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే పూర్తిగా తెలుగు పేరైతే 85 గుర్తులతో సరి. ఎక్స్‌ప్లోరర్‌లో పొడుగు దారి వల్ల ఆగిపోయిన కాపీని రోబోకాపీ ఏ ఇబ్బందీ లేకుండా పూర్తిచేస్తుంది, 260 దానికి అడ్డు కాదు. విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు ఉబుంటు డిస్కులోకి ఎక్కనంటే మాత్రం దాన్ని జిప్‌లో కట్టి పంపినా లాభం లేదు. విప్పేచోట మళ్లీ అదే ఎర్రర్ వస్తుంది, పేరు పొట్టిది చేయాల్సిందే.